గులాబీ: పువ్వు పేరు, రంగు పేరు

ఉర్దూ మాట్లాడేవారికి గులాబ్ అంటే పువ్వు, గులాబీ అంటే ఆ పువ్వు రంగు. తెలుగులో మాత్రం పువ్వూ గులాబీయే, రంగూ గులాబీయే. రెండు భాషలూ పక్కపక్కనే నడిచే మా నల్లగొండ వంటి ఊళ్లో పూల అంగడి ముందు కాసేపు నిలబడితే ఈ తేడా చెవిన పడుతుంది. ఒకరు "గులాబ్" అని అడిగితే మరొకరు "గులాబీలు" అని అడుగుతారు. అమ్మే ఆమె ఇద్దరికీ అదే గంపలోంచి పూలు తీసి ఇస్తుంది. ఎక్కడో ఇరాన్‌లో పుట్టిన మాట మన దగ్గరికి వచ్చేసరికి రంగును చెప్పే విశేషణం కాస్తా పువ్వు పేరుగా ఎలా స్థిరపడిందన్నది చాలాకాలంగా నన్ను ఆకర్షిస్తున్న విషయం.

ఫారసీలో గుల్ అంటే పువ్వు, ముఖ్యంగా గులాబీ పువ్వు. ఆబ్ అంటే నీరు. రెండూ కలిసిన గులాబ్‌కు మొదటి అర్థం పువ్వు కానే కాదు, గులాబీ రేకులను నీటిలో మరిగించి, ఆవిరి పట్టి తీసిన సుగంధజలం. ఇరాన్‌లో నేటికీ గులాబ్ అంటే ఆ నీరే. ఆ నీరు ప్రసిద్ధమై దేశదేశాలకు వెళ్లింది గనుక, హిందుస్తానంలో జనం నీటి పేరునే దాన్నిచ్చే పువ్వుకు పెట్టుకున్నారు. అంటే పువ్వు పేరు నీటికి, నీటి పేరు మళ్లీ పువ్వుకు చేరాయి. మన తీపి పదార్థం గులాబ్ జామున్‌లో మాత్రం పాత అర్థం చెక్కుచెదరకుండా మిగిలి ఉంది: అందులో గులాబ్ అంటే పాకంలో కలిపే గులాబీ నీరు, జామున్ అంటే నేరేడు పండు. గుల్‌కంద్ విషయం కొంచెం వేరు. అక్కడ నీటి ప్రసక్తి లేదు. గుల్ అంటే పువ్వు, కంద్ అంటే చక్కెర, అంతే.

ఆబ్ అనే మాట మనకు కొత్తది కాదు. పంజాబ్ అంటే ఐదు నీళ్ల ప్రాంతమని పాఠశాలలోనే నేర్చుకుంటాం. తెలంగాణలో సారా, కల్లు వ్యవహారాలు చూసే శాఖను నేటికీ ఆబ్కారీ అనే అంటారు. దాని మొదట్లో ఉన్నదీ ఈ ఆబే. ఇది సంస్కృతంలోని "ఆపః" అనే జలవాచక పదానికి సోదర పదం. గులాబ్ అరబ్బుల నోట జులాబ్ అయింది, ఎందుకంటే అరబీలో "గ" ధ్వని లేదు. వారి వైద్యులు మందులను గులాబీ పానకంలో కలిపి ఇచ్చేవారు. క్రమంగా పానకం పేరు మందు పేరుగా మారింది. హైదరాబాదు ఉర్దూలో విరేచనాలయ్యేందుకు ఇచ్చే మందును జులాబ్ అనడం ఆ పరంపరలోనిదే. సుగంధజలానికి పెట్టిన పేరు ఇంత దూరం వెళ్లి ఇలాంటి చోట తేలుతుందని ఎవరు ఊహిస్తారు?

ఇక గుల్ సంగతి. ప్రాచీన ఇరానీ భాషలో ఈ పువ్వును "వర్ద" వంటి మాటతో పిలిచేవారని భాషావేత్తలు నిర్ణయించారు. వర్దకూ గుల్‌కూ పొంతన ఏమిటని మొదట ఎవరికైనా అనుమానం వస్తుంది. ఫారసీ ధ్వనుల చరిత్ర తెలిస్తే ఆ అనుమానం తీరిపోతుంది. ఇరానీ పదాల్లోని "ర్ద" ఫారసీలో తరచుగా "ల" అయింది. మన శరత్తుకు బంధువైన పాత ఇరానీ పదం సాల్ అయి, సంవత్సరమనే అర్థంలో నిలిచింది. మన హృద్ అనే పదానికి బంధువైనది దిల్ అయింది. పదాది "వ" అనేక చోట్ల "గు" అయింది. విష్తాస్ప అనే ప్రాచీన రాజు పేరు ఫారసీలో గుష్తాస్ప్ కావడం ఇందుకు నిదర్శనం. ఈ రెండు మార్పులనూ కలిపి చూస్తే వర్ద గుల్ కావడంలో వింతేమీ లేదు. సినిమా పాటల్లో దిల్, గుల్ ప్రాసగా వినబడినప్పుడు ఆ రెండింటి చివరి "ల్" ఒకే మార్పు వల్ల వచ్చిందని గుర్తుకు వచ్చి నాకు సంతోషం కలుగుతుంది.

అదే పాత పదం పడమటికి వెళ్లి అరబీలో వర్ద్ అయింది, గ్రీకులో రోడోన్ అయింది. లాటిన్‌లోని రోసా కూడా ఈ వంశంలోనిదేనని చాలామంది పండితుల అభిప్రాయం. రోసా నుంచి ఐరోపా భాషల పేర్లు, వాటి నుంచి తమిళంలోనూ కోస్తా తెలుగులోనూ వినబడే రోజా వచ్చాయి. కాబట్టి కోస్తా ప్రాంతం వారు రోజా పువ్వనీ, మనం గులాబీ అనీ అంటున్నప్పుడు, ఒకే ఇంటి నుంచి చెరో దారిన బయలుదేరిన ఇద్దరు దూరపు చుట్టాలను పిలుస్తున్నామన్నమాట. ఒకటి సముద్రం మీదుగా వచ్చింది. రెండోది గుర్రాల మీద, దక్కను సుల్తానుల దర్బారుల మీదుగా వచ్చింది. మన వైపు ఉర్దూ సర్కారు కచేరీల భాషగానూ, చదువుల భాషగానూ తరాల తరబడి నిలిచినందువల్ల గులాబీ అనే పేరే పాతుకుపోయింది.

ఈ నీటికి మన దక్షిణాది భాషల్లో సొంత పేరు ఉంది. పెళ్లిళ్లలో వెండి బుడ్డితో చల్లే పన్నీరు అదే. తమిళంలో పని అంటే చలి, మంచు. పని, నీరు కలిసినదే పన్నీర్. చల్లదనాన్ని బట్టి పెట్టిన పేరు ఇది, పువ్వును బట్టి పెట్టింది కాదు. తెలుగువారు నీటికి పన్నీరనే పేరును ఉంచుకుని, గులాబును పూర్తిగా పువ్వుకే వదిలేశారు. ఇలా అర్థాలు పంచుకోవడం ఎంతో అందంగా జరిగిందని నాకు అనిపిస్తుంది. అత్తరు కూడా ఈ నీటి నుంచి పుట్టినదే. జహంగీర్ చక్రవర్తి తన స్వీయచరిత్రలో, నూర్జహాన్ తల్లి గులాబీ నీరు కాయిస్తుండగా పాత్రలో నీటి మీద తేలిన నురగ వంటి జిడ్డును కొద్దికొద్దిగా సేకరించిందనీ, ఆ పరిమళానికి సాటి లేదనీ రాసుకున్నాడు. ఒక్క కిలో నూనెకు సుమారు 3,000 నుంచి 5,000 కిలోల రేకులు కావాలి గనుక ఆనాటి నుంచి ఈనాటి దాకా దాని ధర సామాన్యులకు అందనిదే.

ఇప్పుడు చివరనున్న "ఈ" గురించి. ఫారసీలో నామవాచకానికి ఈ ప్రత్యయం చేర్చితే "దానికి సంబంధించిన" అనే అర్థం వస్తుంది. బాదం గింజ రంగు బాదామీ, ఆకాశానికి ఆస్మాన్ గనుక ఆకాశపు రంగు ఆస్మానీ, గులాబ్ రంగు గులాబీ. ఉర్దూలో ఈ వ్యవస్థ నిక్కచ్చిగా ఉంటుంది. తెలుగు, కన్నడ భాషలు మాత్రం విశేషణాన్నే పువ్వు పేరుగా తీసుకున్నాయి. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి. గులాబ్ అని హల్లు దగ్గర ఆపడం మన నాలుకకు అలవాటు లేదు. అచ్చుతో సిద్ధంగా ఉన్న గులాబీ రూపం మనకు సహజంగా అనిపించి ఉంటుందని నా అభిప్రాయం. ఫలితంగా "తెల్ల గులాబీ", "పసుపు గులాబీ" అని నిస్సంకోచంగా అంటాం. పదం పుట్టుకను బట్టి చూస్తే అవి "గులాబీ రంగు తెలుపు" అన్నట్టు ఉంటాయి, కానీ ఎవరికీ ఎబ్బెట్టుగా తోచదు. రంగును చెప్పాలంటే రంగు అనే మాటను అదనంగా చేర్చి "గులాబీ రంగు" అంటాం. "గులాబీ రంగు గులాబీ" అని కూడా అనవలసి వస్తుంది, అంటాం కూడా.

గులాబీ రాకముందు ఈ రంగును ఏమనేవారు? తెలుగులో మూల వర్ణాలకు సొంత మాటలు నల్ల, తెల్ల, ఎర్ర, పచ్చ. పచ్చ అన్నది పసుపుకూ ఆకుపచ్చకూ కూడా చెల్లింది. మా జిల్లా పేరే నల్ల కొండ కావడం చూసినా ఈ మాటలు ఎంత పాతవో తెలుస్తుంది. తెలుపు, ఎరుపు కలిసిన రంగుకు మాత్రం అచ్చతెలుగులో స్థిరమైన ఒంటి మాట నాకు కనబడలేదు. సంస్కృతంలో ఉంది, అది పాటలం. అమరకోశం మొదటి కాండలో "శ్వేతరక్తస్తు పాటలః" అని స్పష్టంగా చెప్పింది, తెలుపు కలిసిన ఎరుపు పాటలమని. ఇక్కడ గమనించవలసిందేమిటంటే పాటల కూడా ఒక పువ్వే. మన అడవుల్లో కలిగొట్టు అని పిలిచే చెట్టు అది. ఆయుర్వేదంలోని దశమూలాల్లో దాని వేరు ఒకటి. పాటలీపుత్ర నగరం పేరులో ఉన్నదీ అదే. అమరకోశంలో ఆ వాక్యానికి కొంచెం ముందు "శోణః కోకనదచ్ఛవిః" అని ఉంది, ఎర్రతామర కాంతి గల ఎరుపు శోణమని. రంగును పువ్వు మీద పెట్టి చెప్పడం ఫారసీ నుంచి మనం నేర్చుకున్న పద్ధతి కాదు, మనకు ముందునుంచీ ఉన్నదే. పాత పువ్వు అడవిలో ఉండిపోయింది, కొత్త పువ్వు పెరట్లోకి వచ్చింది. ప్రబంధాల్లోని పాటల వర్ణం వ్యవహారంలో గులాబీ రంగు కావడానికి అంతకన్నా కారణం వెతకనవసరం లేదు.

ఇందులో మరో ముఖ్యమైన సంగతి ఉంది. గులాబీ రేకులతో బట్టకు గులాబీ రంగు అద్దలేం. ఉడకబెడితే వచ్చే నీటి రంగు నూలుకు నిలవదు. పూర్వం బట్టకు ఈ రంగునిచ్చింది వేరే పువ్వు, కుసుమ. పాలమూరు నల్లరేగళ్లలో యాసంగి పంటగా నూనె కోసం వేసే ముళ్ల మొక్క అది. పశువులు లోపలికి రాకుండా జొన్నచేను చుట్టూ కంచెలాగా కూడా వేస్తారు. పసుపు, నారింజ కలిసిన దాని పూరేకుల్లో రెండు రంగులున్నాయి. పసుపు రంగు నీటిలో కరుగుతుంది, ఎర్ర రంగు కరగదు. అద్దకం వారు రేకులను గుడ్డలో కట్టి నీళ్లు తేరేదాకా పిసికి పసుపును పూర్తిగా వదిలించేవారు. తరువాత బూడిదనీరు వంటి క్షారంలో నానబెడితే ఎరుపు దిగేది. అందులో బట్టను ముంచి పులుపు కలిపితే ఎరుపు నూలుకు పట్టుకునేది. ఒకసారి ముంచితే లేత గులాబీ, పదేపదే ముంచితే ముదురు ఎరుపు. ఎండకూ ఉతుకుకూ ఆ రంగు త్వరగా వెలిసిపోయేది గనుక మళ్లీ మళ్లీ అద్దవలసి వచ్చేది. అంటే రంగు కుసుమది, పేరు గులాబీది. ఆ పని చేసిన పువ్వుకు ఆ రంగు పేరులో కూడా చోటు దక్కలేదు.

ఆ పాత పద్ధతిని రసాయనిక రంగులు తుడిచిపెట్టాయి. 1859లో ఫ్రాన్సులో ఫుక్సిన్ అనే రంగు తయారైంది. ఫుక్సియా అనే పువ్వు రంగును పోలి ఉన్నందున ఆ పేరు. ఆ పువ్వుకు జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఫుక్స్ పేరు పెట్టారు. అదే సంవత్సరం ఇటలీలో మజెంటా అనే ఊరి దగ్గర యుద్ధం జరగడంతో ఆ రంగుకు మజెంటా అనే పేరు కూడా వచ్చింది. మన బట్టల దుకాణాల్లో రాణీ రంగు అనేది దాదాపు ఇదే. నారాయణపేటలో చీరలు చూపించేవారు "రాణీ కావాల్నా, గులాబీ కావాల్నా?" అని అడుగుతారు, కాబట్టి మన వారికి ఆ రెండూ ఒకటి కాదు. రాణీ చిక్కగా, నీలం ఛాయతో, కళ్లకు కొట్టినట్టు ఉంటుంది. గులాబీ అంతకన్నా మెత్తన. ఇంకా లేతదైతే ఉల్లిపొర రంగు. నేటి పిల్లలకు ఈ మూడూ పింకే. ఆ మాటను నేను కాదనను, ఎందుకంటే ఇంగ్లీషులో పింక్ కూడా మొదట పువ్వు పేరే. కార్నేషన్ జాతిలోని ఒక చిన్న పువ్వును పింక్ అనేవారు, దాని రంగును బట్టి పదిహేడో శతాబ్దంలో రంగుకు ఆ పేరు వచ్చింది. అయితే ఉల్లిపొర, గులాబీ, రాణీ అని మూడుగా చూసిన కన్ను ఒకటిగా చూడడం మొదలుపెడితే అది నష్టమేనని గట్టిగా నమ్ముతాను.

దుకాణం మాట వచ్చింది గనుక కనకాంబరాన్ని ప్రస్తావించకుండా ఉండలేను. కనకం, అంబరం: బంగారు వస్త్రం. పరిమళం లేకపోయినా మల్లె, మరువంతో కలిపి కట్టే ఆ పువ్వుకు పెట్టిన పేరు బట్ట నుంచి వచ్చింది. ఇప్పుడు అదే పేరును తిరిగి బట్టకు పెట్టి "కనకాంబరం రంగు చీర" అంటాం. గులాబీ నీటి గుండా పువ్వును చేరితే, ఇది బట్ట నుంచి పువ్వుకు వెళ్లి మళ్లీ బట్టకు వచ్చింది.

దక్షిణ తెలంగాణలో గులాబీ రంగుగానే ఎక్కువ బతుకుతోందని నా అభిప్రాయం. బతుకమ్మను చూడండి. తంగేడు, గునుగు, కట్ల, బంతి, చామంతి, గుమ్మడి పూలు పేర్చే ఆ పండుగలో గులాబీ పువ్వుకు సంప్రదాయంగా పెద్ద స్థానం లేదు. గులాబీ రంగుకు ఉంది. గునుగు పువ్వు లేతగా ఉన్నప్పుడు కొసన కొంచెం ఎర్రటి ఛాయ ఉండి, ముదిరేకొద్దీ వెండిలా తెల్లబడుతుంది. ఆ తెల్ల గునుగును కొసలు సమంగా కట్టలు కట్టి, రంగు కలిపిన నీళ్లలో తలకిందులుగా ముంచి, దులిపి, ఆరబెడతారు. ఒక కట్ట పచ్చ, ఒకటి నీలం, ఒకటి గులాబీ. మా మేనత్త పళ్లెం ముందు కూర్చుని పేరుస్తూ "గా గులాబీ ఇటియ్యి బిడ్డా" అంటే ఇంట్లో చిన్నపిల్లలు కూడా గునుగు కట్టనే అందిస్తారు, గులాబీ పువ్వు కోసం వెతకరు. ఒక పువ్వు పేరు మరో పువ్వు మీద రంగై కూర్చుందన్నమాట. పువ్వుగా గులాబీని ఎక్కువగా చూసేది దర్గాల దగ్గర, చాదర్ మీద పరిచే రేకుల్లో. అక్కడ దాన్ని గులాబ్ అనే అంటారు. 2001 ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర సమితి ఏర్పడి జెండాకు ఈ రంగు తీసుకున్న తరువాత పత్రికల్లో గులాబీ దళం, గులాబీ శ్రేణులు అనే మాటలు పుట్టాయి. అక్కడా పువ్వు లేదు, రంగే ఉంది.

పత్తి చేలల్లో ఈ మాటకు మరో బతుకు ఉంది. మా నల్లగొండ జిల్లా పత్తికి పేరుపడ్డది. పత్తి పువ్వు విచ్చిన రోజు మీగడ రంగులో ఉంటుంది, మరునాటికి గులాబీ రంగుకు తిరిగి ముడుచుకుంటుంది. తెల్లవారుజామున చేనిలోకి వెళితే ఒకే మొక్క మీద నిన్నటి పువ్వునూ ఈనాటి పువ్వునూ రంగును బట్టే గుర్తుపట్టవచ్చు. కానీ మా వైపు రైతు గులాబీ అనగానే తలుచుకునేది ఆ పువ్వును కాదు, గులాబీ రంగు పురుగును. దీన్ని 1843లో సాండర్స్ అనే కీటక శాస్త్రవేత్త భారతదేశపు నమూనాల ఆధారంగా శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. గుడ్డు నుంచి వచ్చినప్పుడు ఆ పురుగు తెల్లగానే ఉంటుంది. కాయ లోపల గింజలు తింటూ ఎదిగేకొద్దీ ఒంటి మీద గులాబీ ఛాయ తేరుతుంది. పైకి కాయ బాగానే కనబడుతుంది. పగలగొట్టి చూస్తే లోపల దూది పసుపుబారి, ముద్దకట్టి, మధ్యలో పురుగు ఉంటుంది. 2002లో బీటీ పత్తికి, అంటే పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే పత్తికి, అనుమతి వచ్చినప్పుడూ, 2006లో అలాంటి విషాన్నిచ్చే రెండు జన్యువుల రకాలు వచ్చినప్పుడూ ఇక దీని బెడద తీరినట్టేనని రైతులు సంబరపడ్డారు. పురుగు ఆ విషానికి అలవాటుపడి తిరిగి వచ్చింది. అందుకే ఇప్పుడు ఆడపురుగు వాసనతో మగపురుగులను రప్పించే లింగాకర్షక బుట్టలు పెట్టి రెక్కల పురుగులను లెక్కించడం, ఏరుడు పూర్తయిన వెంటనే పత్తి కట్టెను చేనిలో ఉంచకుండా తీసివేయడం తప్పనిసరి అయింది.

ఈ పురుగు మొగ్గలో దూరితే రేకుల కొసలను సాలెగూడు వంటి దారాలతో కుట్టేస్తుంది. పువ్వు విచ్చుకోలేక ముద్దగా ఉండిపోతుంది. రైతులు వాటిని గుడ్డి పువ్వులంటారు. వ్యవసాయ శాస్త్రం వాటికి పెట్టిన పేరు రోసెట్ పువ్వులు. రోసెట్ అంటే ఫ్రెంచిలో చిన్న గులాబీ. చేనిలో తిరిగేటప్పుడు అలాంటి ముడుచుకున్న పువ్వు కనబడితే కోసి, విప్పి, లోపల పురుగు ఉంటే అక్కడే చంపివేయాలి.